కమిలిన మచ్చ మాయకపోతే

దెబ్బ తగిలి కమిలిన చోటుకు ఒక లెక్క ఉంటుంది. మొదటి రోజు ఎర్రబడుతుంది. రెండో రోజుకు నీలం, నలుపు. వారం తిరిగేసరికి అంచులు ఆకుపచ్చకు తిరిగి, ఆ తర్వాత పసుపు రంగుకు దిగి, రెండు వారాలకో మూడు వారాలకో చర్మంలో కలిసిపోతుంది. చర్మం కింద చిందిన రక్తాన్ని ఒళ్లు తనంతట తానే విరగ్గొట్టి వెనక్కి తీసుకునే క్రమం ఇది. చామనఛాయ ఒంటి మీద, నల్లటి ఒంటి మీద ఈ రంగులు అంత విడివిడిగా తెలియవు. కానీ మచ్చ రోజురోజుకూ పలచబడటం మాత్రం ఎవరి ఒంటి మీదైనా తెలుస్తుంది.

ఈ లెక్కకు లొంగని మచ్చ ఒకటుంది. దెబ్బ తగిలిన గుర్తుండదు. చాలాసార్లు నొప్పి కూడా ఉండదు. నెల దాటినా పలచబడదు సరికదా, అంచులు మెల్లగా పాకుతాయి. రక్తనాళాలకు, లింఫు నాళాలకు లోపలివైపు పూతలా పరుచుకుని ఉండే కణాల్లో పుట్టే క్యాన్సర్ చర్మం మీద మొదట కనిపించే తీరు ఇదే. దాని పేరు యాంజియోసార్కోమా. పెద్దవాళ్లకు వచ్చే క్యాన్సర్లలో సార్కోమా జాతివే సుమారు నూటికి ఒకటి. మెత్తటి కణజాలంలో పుట్టే ఆ సార్కోమాల్లో మళ్లీ నూటికి ఒకటో రెండో ఇవి. పీహెచ్‌సీలో పనిచేసే డాక్టరు ఉద్యోగమంతా గడిచినా ఒక్క కేసు చూడకపోవచ్చు.

అంత అరుదైనదాని గురించి పల్లెల్లో చెప్పడం ఎందుకంటే, ఈ జబ్బు విషయంలో మచ్చ సైజే చాలావరకు తలరాత. చిన్నగా, ఒకేచోట ఉన్నప్పుడు కోసి తీసేయగలిగినవాళ్లు కోలుకుంటున్నారు. ఐదు సెంటీమీటర్లు దాటాక, ఊపిరితిత్తులకు పాకాక దారి చాలా ఇరుకవుతుంది. మొత్తం మీద చూస్తే ఐదేళ్ల తర్వాత బతికి ఉండేవాళ్లు 30 నుంచి 40 శాతం. ఆ అంకె వెనుక జబ్బు మొండితనం ఎంతుందో, ‘అదే తగ్గుద్దిలే’ అని గడిచిపోయిన నెలలూ అంతే ఉన్నాయి.

ఆ నెలలు ఎలా గడిచిపోతాయో చూడాలంటే ఒక ఊరికి వెళ్లాలి. ములుగు జిల్లా పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి 2021 జూలైలో యునెస్కో వారసత్వ జాబితాకెక్కింది. గుడికి దగ్గర్లోనే కాకతీయుల కాలం నాటి చెరువు, దాని నీళ్లతో పండే వరి. ఆ పొలాల్లో డెబ్బై దగ్గరపడుతున్న రైతు ఒకరిని ఊహించుకుందాం. బట్టతల, దాని మీద పొద్దంతా రుమాలు. నడినెత్తి మీది మచ్చ ఆయనకు అద్దంలో కనపడదు. భార్యకు కనపడదు, రుమాలు తీసేది రాత్రి చీకట్లోనే. అది మొదట కంటబడేది క్షవరం చేసే మనిషికి. “తాతా, ఈడ నల్లగ కమిలింది, ఏమన్న తాకిందా?” అంటాడు. “ఏమో బిడ్డా, దర్వాజ తాకిందేమో” అంటాడాయన. మాట అక్కడితో ఆగిపోతుంది. ఆ మనిషే మళ్లీ నెలకు కత్తిరింపు కోసం కూర్చున్నప్పుడు మచ్చ అలాగే ఉంటే, లేదా చెవి వైపు ఇంకో వేలెడు జరిగి ఉంటే, అప్పుడు అనాల్సిన మాట వేరు.

ఊహించుకున్న మనిషే అయినా ఈ వివరాలన్నీ వైద్య పుస్తకాల్లో ఉన్నవే. యాంజియోసార్కోమా ఒంట్లో ఎక్కడైనా పుట్టొచ్చు గాని ఎక్కువగా పుట్టేది చర్మంలో, అందులోనూ తల, ముఖం మీద. వచ్చేది ఎక్కువగా అరవై, డెబ్బై దాటిన మగవాళ్లకు. ఎండకు దీంట్లో పాత్ర ఉందనే అనుమానం చాలాకాలంగా ఉంది. తల, ముఖం మీది కంతుల జన్యువులను చదివినప్పుడు అతినీలలోహిత కిరణాలు వదిలే గుర్తులు చాలావాటిలో కనిపించాయి.

మచ్చ ఎప్పుడూ మచ్చగానే ఉండదు. కొందరిలో అది ఊదారంగు బొడిపెలవుతుంది, దువ్వెన తగిలితే రక్తం చిమ్ముతుంది. కొందరిలో కనురెప్పో, ఒక చెంపో ఊరికే ఉబ్బి, ఉబ్బు దిగదు. కొందరిలో పుండై మానదు. అందుకే ఇది రకరకాల పేర్లతో చలామణీ అవుతుంది. సెగగడ్డ అని పసరు కడతారు. చీము పట్టిందనుకుని యాంటీబయాటిక్ సూదులు వేస్తారు. ఎలర్జీ అని, తామర అని, ఎండ పొక్కు అని క్రీములు రాస్తారు. రక్తం గడ్డకట్టిందని సూదితో లాగబోతారు. వీటిలో ఏదీ తెలివితక్కువ ఆలోచన కాదు. వందలో తొంభై తొమ్మిది సార్లు నిజంగా అదే అయి ఉంటుంది. తప్పు మొదటి ఊహలో లేదు, మందు పనిచేయకపోయినా అదే ఊహను మూడు నెలలు మోయడంలో ఉంది.

మరో చిక్కు మన ఒంటి రంగుది. చర్మవ్యాధుల పుస్తకాల్లో ఫొటోలు చాలావరకు తెల్లటి చర్మం మీదివి. ‘ఎర్రగా, ఊదాగా’ అని వాటిలో రాసింది మన దగ్గర నల్లగా, మాసినట్టుగా కనిపిస్తుంది. నల్లటి నెత్తి మీద నల్లటి మరక. కాబట్టి రంగు కన్నా వేలి స్పర్శను నమ్ముకోవడం మంచిది. చుట్టూ ఉన్న చర్మం కన్నా అక్కడ కాస్త ఎత్తుగా, గట్టిగా, మందంగా తగులుతుందేమో చూడాలి. కొందరు చర్మవైద్యులు ఇంకో చిన్న పరీక్ష చేస్తారు. రోగిని తల గుండె కన్నా కిందికి వచ్చేలా వంగమని కొద్ది క్షణాలు ఉంచుతారు. రక్తం తలకు దిగగానే కంతి ఉన్న చోటు ఉబ్బి, రంగు ముదిరి, అప్పటిదాకా కనిపించని అంచులు కూడా బయటపడతాయి.

ఇంట్లో చేయగలిగినది ఇంకా సులువు. మచ్చ పక్కన రూపాయి బిళ్ల పెట్టి, పగటి వెలుతురులో ఫోనుతో ఫొటో తీయడం. వారానికొకటి, అదే చోట, అదే బిళ్లతో. మూడు ఫొటోలు చాలు. మామూలు కమిలిన మచ్చ మూడో ఫొటోలో సగానికి సగం పోయి ఉంటుంది. పోకపోతే ఆ మూడు ఫొటోలే డాక్టరు ముందు పెట్టాల్సిన కాగితాలు. మాటల్లో ‘ఎన్నో రోజుల నుంచి ఉంది సారూ’ అనేదాని కన్నా అవి ఎంతో ఎక్కువ చెబుతాయి.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. ముసలితనంలో ముంజేతుల మీద, చేతి వెనకవైపు చిన్నచిన్న నల్లటి మరకలు రావడం మామూలే. చర్మం పలచబడి, నాళాలు పెళుసెక్కి, కాస్త రాసుకున్నా రక్తం చిందుతుంది. గుండెకు ఆస్పిరిన్ వాడేవాళ్లలో ఇంకా ఎక్కువ. అవి భయపడాల్సినవి కావు, వస్తాయి, పోతాయి. నెత్తి మీద వచ్చి కదలకుండా కూర్చున్నదే అడగాల్సింది.

తెలుగు నేల మీద ఈ క్యాన్సర్ గురించి మాట్లాడేటప్పుడు దాటిపోలేని ఇంకో జబ్బు ఉంది, బోదకాలు. ఫైలేరియా తెలంగాణకు, కోస్తాకు పాతకాపు. ఉమ్మడి వరంగల్ కూడా ఆ జిల్లాల జాబితాలో ఉన్నదే. దోమ కాటుతో ఒంట్లోకి చేరిన పురుగులు లింఫు నాళాలను చెడగొడతాయి. పురుగు చచ్చినా కాలు వాపు జీవితాంతం మిగులుతుంది. ఇలా ఏళ్ల తరబడి వాచి ఉన్న కాలిలోనో చేతిలోనో రక్తనాళాల క్యాన్సర్ పుట్టే అవకాశం ఉందని మొదట తెలిసింది మాత్రం ఫైలేరియా రోగుల్లో కాదు. 1948లో న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు ఫ్రెడ్ స్టివార్ట్, నార్మన్ ట్రీవ్స్ ఆరుగురు మహిళల గురించి రాశారు. రొమ్ము క్యాన్సర్‌కు రొమ్మును, చంక గ్రంథులను తీసేశాక వాళ్ల చేతులు ఏళ్ల తరబడి వాచి ఉండిపోయాయి. ఆ వాచిన చేతుల మీద ఊదారంగు మచ్చలు లేచాయి. పాత క్యాన్సర్ తిరగబెట్టిందనే ఎవరైనా అనుకుంటారు. కాదు, ఇది కొత్తది, నాళాల్లో పుట్టింది అని ఆ ఇద్దరూ నిలబెట్టారు. తమ వ్యాసం పేరులోనే ఆ చేతి వాపును ఏనుగుకాలుతో పోల్చారు. ఇవాళ దాన్ని స్టివార్ట్ ట్రీవ్స్ సిండ్రోమ్ అంటున్నారు.

అదే 1948 ఆగస్టులో అదే న్యూయార్క్ దగ్గర్లో ఒక తెలుగువాడు కన్నుమూశాడు. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం నుంచి వచ్చిన డైఇథైల్‌కార్బమజైన్ మాత్రలనే ఇవాళ్టికీ మన ఊళ్లలో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి ఎదురుగా మింగిస్తున్నారు. వాపు రాకుండా ఆపే మందు కనుగొన్నవాడూ, వాపులో దాగిన క్యాన్సర్‌ను గుర్తుపట్టినవాళ్లూ ఒకే ఏడాది, ఒకే నగరం చుట్టుపక్కల ఉన్నారు. సుబ్బారావు మాత్రను ‘ఏ జబ్బూ లేదు కదా’ అని పక్కన పెట్టేసేవాళ్లకు ఈ రెండో కథ కూడా తెలియాలి.

బోదకాలులో ఈ క్యాన్సర్ చాలా చాలా అరుదు. వైద్య పత్రికల్లో అక్కడక్కడా ఒక కేసు కనిపిస్తుంది, అంతే. అయినా ఆ కాళ్లను చూసే కళ్లకు ఒక తేడా తెలిసి ఉండాలి. బోదకాలు ఉన్నవాళ్లకు ఏడాదిలో కొన్నిసార్లు చలిజ్వరం వచ్చి, గజ్జల్లో బిళ్ల కట్టి, కాలు ఎర్రబడి, ముట్టుకుంటే కాలిపోతున్నట్టు ఉంటుంది. మందులు పడితే వారంలో దిగిపోతుంది. రోగికి అది అలవాటైన బాధ, ఎప్పుడు వస్తుందో కూడా చెప్పగలరు. క్యాన్సర్ మచ్చ దీనికి పూర్తిగా వేరు. జ్వరం లేకుండా, మంట లేకుండా, వాచిన చర్మం మీద నేరేడుపండు రంగులో ఒక చుక్క లేస్తుంది. తర్వాత పక్కన ఇంకోటి. కొన్నాళ్లకు అవి కలిసి, పగిలి, రక్తం కారుతుంది. రోజూ కాలును సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడుచుకోవాలని బోదకాలు రోగులకు చెబుతున్నారు. అందుకు టబ్బు, మగ్గు, తువ్వాలు కిట్లుగా ఇస్తున్నారు. తుడుచుకునే ఆ రెండు నిమిషాలే కాలును చూసుకునే సమయం. మడతల్లో, పిక్క వెనకవైపు ఇంట్లోవాళ్లు చూడాలి.

రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడిన ఆడవాళ్లది మరో దారి. ఇప్పుడు చాలామందికి రొమ్మునంతా తీసేయకుండా కంతిని మాత్రం తీసి రేడియేషన్ ఇస్తున్నారు. అది ప్రాణాలు నిలిపే వైద్యం, అందులో సందేహం లేదు. అయితే వెయ్యి మందిలో ఒకరికో ఇద్దరికో, సాధారణంగా ఐదు నుంచి పదేళ్ల తర్వాత, కిరణాలు పడిన చర్మం మీదే నాళాల క్యాన్సర్ రావచ్చు. మొదట చిన్న కమిలిన మచ్చలా, లేదా చర్మం మందమై గులాబీ రంగు తిరిగినట్టు ఉంటుంది. రేడియేషన్ మచ్చే కదా అని సరిపెట్టుకోవడం అన్నిటికన్నా సులువైన పొరపాటు. ఐదేళ్లు గడిచాయి, ఇక డాక్టరు దగ్గరికి పోనక్కర్లేదు అనుకునే సమయానికే ఇది వస్తుంది. ఏ రేడియేషనూ తీసుకోని ముప్ఫై, నలభై ఏళ్ల ఆడవాళ్లకు నేరుగా రొమ్ములోనే పుట్టేది ఇంకొకటుంది. అది త్వరత్వరగా పెరిగే గడ్డగా తెలుస్తుంది.

ఒంటి లోపలి అవయవాల్లో పుట్టినప్పుడు గుర్తుపట్టడం మరీ కష్టం, ఎందుకంటే అక్కడ దానికంటూ సొంత లక్షణాలు లేవు. గుండెలో అయితే ఎక్కువగా కుడి కర్ణికలో పుడుతుంది. ఆయాసం, ఛాతీలో నొప్పి, గుండె చుట్టూ ఉన్న పొరలో నీరు. ఆ నీరు తీస్తే రక్తం రంగులో వస్తుంది. మన దేశంలో గుండె పొరలో నీరు అనగానే మొదట తట్టేది టీబీ, అది సహజం కూడా. టీబీ మందులు వాడుతున్నా నీరు మళ్లీ మళ్లీ చేరుతుంటే ఎకో పరీక్షతో ఆగకుండా ఎమ్మారై దాకా వెళ్లాలి. ఊపిరితిత్తులకు పాకినప్పుడూ ఇదే కథ, దగ్గితే రక్తం పడుతుంది. నెత్తి మీది క్యాన్సర్ ఊపిరితిత్తుల్లో పలచటి గోడల బుడగలు కట్టి, అవి పగిలి ఛాతీలోకి గాలి చేరడం కూడా ఉంది. కాబట్టి నెత్తి మీద మానని పుండున్న ముసలాయనకు ఉన్నట్టుండి ఊపిరి ఆడకపోతే ఈ రెంటినీ విడివిడి జబ్బులుగా చూడకూడదు.

కాలేయంలో పుడితే కుడి డొక్కలో బరువు, నొప్పి, బక్కచిక్కడం, పొట్టలో నీరు, కామెర్లు. ప్లీహంలో పుడితే కొన్నిసార్లు అది పగిలి కడుపులో రక్తం నిండాకే సంగతి తెలుస్తుంది.

కాలేయంలో పుట్టే ఈ క్యాన్సర్‌కు మాత్రం కారణాల చరిత్ర ఒకటుంది. 1930 నుంచి 1950ల దాకా ఎక్స్‌రేలో నాళాలు బాగా కనిపించడానికి థోరోట్రాస్ట్ అనే రేడియోధార్మిక ద్రవాన్ని నరాల్లోకి ఎక్కించేవారు. అది కాలేయంలో ఉండిపోయి, ఇరవై ముప్ఫై ఏళ్ల తర్వాత క్యాన్సర్‌గా లేచింది. 1974లో అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో, బీఎఫ్ గుడ్‌రిచ్ పీవీసీ కర్మాగారంలో పనిచేసే కార్మికుల్లో ఈ అరుదైన కాలేయ క్యాన్సర్ ఒకరి తర్వాత ఒకరికి వచ్చినట్టు కంపెనీ వైద్యుడు జాన్ క్రీచ్ పట్టుకున్నాడు. ప్రపంచంలోనే అరుదైన జబ్బు ఒకే గేటు లోపల ముగ్గురికి రావడమే ఆయనకు సూచన. దోషి వినైల్ క్లోరైడ్ వాయువు. పీవీసీ తయారయ్యే పెద్ద పాత్రల్లోకి దిగి గోడలు గీకి శుభ్రం చేసేవాళ్లకు ఎక్కువగా తగిలింది. ఆ తర్వాత ఆ వాయువుపై కట్టుదిట్టమైన పరిమితులు వచ్చాయి. పొలంలో బోరుకు వేసుకున్న పీవీసీ పైపు ఈ ప్రమాదం తెచ్చిపెట్టదు. ముడిసరుకైన వాయువుది ప్రమాదం, తయారైన పైపుది కాదు. ఈ సంగతి చెప్పకపోతే రైతు ఇంట్లో లేనిపోని గుబులు మొదలవుతుంది.

పసిపిల్లల ఒంటి మీది ఎర్రటి బొడిపెలను చూసి కూడా ఇలాగే గుబులు పడతారు. పుట్టిన కొద్ది వారాల్లో లేచి, మొదటి ఏడాది వేగంగా పెరిగి, తర్వాత తనంతట తానే కుంగిపోయే ఆ హెమాంజియోమా క్యాన్సర్ కాదు. కంటికో, ఊపిరికో అడ్డుపడితేనే వైద్యం. అందుకు బీపీకి వాడే ప్రొప్రనలాల్ అద్భుతంగా పనిచేస్తుందని 2008లో ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైద్యులు అనుకోకుండా కనిపెట్టారు, గుండె జబ్బు కోసం ఇచ్చిన మందుకు బిడ్డ ముఖం మీది గడ్డ కరగడం చూసి. ఇక కపోసి సార్కోమా వేరు జాతి. 1872లో మోరిట్జ్ కపోసి వర్ణించిన ఈ జబ్బుకు కారణం ఒక హెర్పిస్ వైరస్ అని 1994లో తేలింది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లలో నోటి అంగిట్లో, కాళ్ల మీద ఊదా మచ్చలుగా వస్తుంది. మన దేశంలో తక్కువే. ఏఆర్‌టీ మందులు సరిగ్గా వాడితే చాలామందిలో మచ్చలు వెనక్కి తగ్గుతాయి.

వీటన్నిటినీ వేరు చేసేది కన్ను కాదు, ముక్క పరీక్ష. ‘కత్తి పెడితే క్యాన్సర్ పాకుద్ది’ అనే భయం మన ఊళ్లలో ఇంకా బలంగా ఉంది. దాని మూలంగా పోయిన ప్రాణాలను ఎవరూ లెక్కపెట్టలేదు. చర్మం మీది మచ్చ నుంచి బియ్యపు గింజంత ముక్క తీయడానికి మత్తు సూదితో పది నిమిషాలు చాలు. అయితే ముక్క తీసేవాళ్లు గుర్తుంచుకోవాల్సినది ఒకటుంది. పైపైన గీసినట్టు తీస్తే ‘వాపు మాత్రమే’ అని రిపోర్టు రావచ్చు. లోతుగా తీయాలి, ఒకటి కన్నా ఎక్కువ చోట్ల తీస్తే మేలు. రిపోర్టు మామూలుగా ఉన్నా మచ్చ పాకుతూనే ఉంటే రెండోసారి తీయాలి. సూక్ష్మదర్శిని కింద ఈ క్యాన్సర్ కణాలు ఒకదానికొకటి అల్లుకుని, రక్తం నిండిన సందులు సందులుగా నాళాలను కట్టాలని ప్రయత్నిస్తూ, కట్టలేక చెదిరినట్టు కనిపిస్తాయి. అది నాళాల కణమేనని తేల్చడానికి సీడీ31, ఈఆర్‌జీ అనే రంగు పరీక్షలు చేస్తారు.

పాలంపేట నుంచి ఈ ముక్క ప్రయాణం ములుగు మీదుగా వరంగల్‌కు. 2019లో జిల్లా కేంద్రమైన ములుగుకు ఇప్పుడు ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ఉంది. పాలంపేటకు డెబ్బై కిలోమీటర్ల దూరంలో వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి, దానికి అనుబంధంగా 1959 నాటి కాకతీయ మెడికల్ కాలేజీ. రెండు వందల కిలోమీటర్లు దాటితే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో తెలంగాణలో పది లక్షలకు పెరిగింది. రేషన్ కార్డున్న ఇంటికి ఖర్చు కన్నా పెద్ద అడ్డంకి ఇప్పుడు మొదటి అడుగు.

వైద్యం మొదట ఆపరేషన్. కంటికి కనిపించే అంచు దాటి జబ్బు చర్మం కింద దూరంగా పాకి ఉంటుంది కాబట్టి వెడల్పుగా కోసి, అవసరమైతే వేరే చోటి చర్మం అతికిస్తారు. తర్వాత రేడియేషన్. పాకినప్పుడు వారంవారం ఇచ్చే పాక్లిటాక్సెల్ చాలామందిలో, ముఖ్యంగా నెత్తి మీది కంతుల్లో, కొంతకాలం బాగా పనిచేస్తుంది. ఇమ్యునోథెరపీ మీద ఇటీవలే ఆశలు మొదలయ్యాయి. తనకే ఈ జబ్బు వచ్చిన శాస్త్రవేత్త కోరీ పెయింటర్ చొరవతో 2017లో అమెరికాలో మొదలైన యాంజియోసార్కోమా ప్రాజెక్టులో ఏడాదిన్నరలో 300 మందికి పైగా రోగులు పేర్లు నమోదు చేసుకుని తమ కంతుల నమూనాలు, వైద్య రికార్డులు అప్పగించారు. తల, ముఖం మీది కంతులు ఈ కొత్త మందులకు లొంగే అవకాశం ఉందనే ఆధారం ఆ నమూనాల నుంచే వచ్చింది.

అలాంటి నమూనా మన రోగి దగ్గరా ఉంటుంది, చాలామందికి ఆ సంగతి తెలియదు. ముక్క పరీక్ష చేసిన చోట మిగిలిన కణజాలాన్ని మైనంలో పోసి చిన్న దిమ్మగా దాస్తారు. ల్యాబుల్లో దాన్ని బ్లాకు అంటారు. వరంగల్‌లో పరీక్ష అయి హైదరాబాద్ వెళ్లాల్సి వస్తే, రిపోర్టు కాగితంతో పాటు బ్లాకును, గాజు స్లైడ్లను అడిగి తీసుకోవాలి. రాతపూర్వకంగా అడిగితే ఇస్తారు. అవి ఉంటే పెద్దాసుపత్రిలో మళ్లీ కోయకుండానే కొత్త పరీక్షలు చేయగలరు, రెండు మూడు వారాలు కలిసొస్తాయి. అగ్గిపెట్టెలో పట్టేంత వస్తువు అది. ఎండాకాలం బస్సులో కిటికీ అంచున పెట్టకుండా, దూదిలో చుట్టి, సంచిలో బట్టల మధ్య పెట్టుకుంటే చాలు, మైనం కరగదు.